మొద్దును చంపడం వేరు, తీయడం వేరు

చెట్టు కొట్టడం ఒక పూట పని. కొట్టినవాళ్లు కొమ్మలూ దుంగలూ బండికెత్తుకుని వెళ్లిపోతారు. సాయంత్రం పెరట్లోకి వచ్చి చూస్తే మొద్దు ఒక్కటే మిగిలి ఉంటుంది. ఇక అక్కణ్నుంచి సలహాలు మొదలవుతాయి. ఉప్పు పొయ్యమని ఒకరు, కిరసనాయిలు పోసి అంటించమని ఒకరు, సురేకారం పెట్టమని ఇంకొకరు. అందరూ ‘మా వాళ్లింట్లో ఇలాగే పోయింది’ అనే చెబుతారు. వాళ్లేమీ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ‘పోయింది’ అన్న మాటకు ఎవరి అర్థం వాళ్లది. ఒకరింట్లో చిగుళ్లు రావడం ఆగింది. ఇంకొకరింట్లో మొద్దు పైకి కనిపించడం మానేసింది, వేళ్లు మాత్రం కిందే ఉన్నాయి. మూడో ఇంట్లో ఏడేళ్లకు దానంతటదే కుళ్లిపోయింది, పేరు మాత్రం ఏడేళ్ల కిందట పోసిన ఉప్పుకు దక్కింది.

ఇక్కడ మూడు పనులు కలిసిపోయాయి. మొద్దును చంపడం ఒక పని. చచ్చిన మొద్దు చెక్కను కుళ్లబెట్టడం ఇంకో పని. కుళ్లినా కుళ్లకపోయినా దాన్ని అక్కణ్నుంచి తీసేయడం మూడోది. ఒక పనికి వాడే మందు ఇంకో పనికి పనికిరాదు. కలుపు మందు మొద్దును చంపుతుంది గానీ కుళ్లబెట్టదు. సురేకారం కుళ్లడానికి కాస్త సాయం చేస్తుందేమో గానీ బతికున్న మొద్దును చంపదు. మొద్దుల్ని తొలిచే గ్రైండర్ యంత్రం మొద్దును పొడి చేస్తుంది గానీ వేళ్ల జోలికి పెద్దగా పోదు. కాబట్టి మొద్దు మీద డబ్బూ ఓపికా పెట్టేముందు, ఈ మూడింట్లో మనకు కావాల్సింది ఏదో తేల్చుకోవాలి.

అది బతికే ఉందా?

కొట్టిన మర్నాడు మొద్దు పక్కన కూర్చుని కోసిన ముఖాన్ని చూడండి. అంచున బెరడు. బెరడుకూ చెక్కకూ మధ్య గోటితో గీరితే తడిగా, జారుడుగా తగిలే సన్నటి పొర ఒకటుంటుంది. చెట్టు లావెక్కేది దానివల్లే. దాని లోపల లేత రంగు చెక్క, వేళ్ల నుంచి నీళ్లు పైకెళ్లే దారి అది. నడి మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవ. చాలా జాతుల్లో ఈ చేవ, చెట్టు నిలబడి ఉన్నప్పుడే చచ్చిపోయి ఉంటుంది. బరువు మోయడమే దాని పని. అంటే మొద్దు నడిమధ్యలో గొయ్యి చెక్కి అందులో మందు పోస్తే, చచ్చినదాన్నే మళ్లీ చంపుతున్నామన్నమాట. ప్రాణం అంచున ఉంది.

వేళ్లలో పిండి పదార్థం నిల్వ ఉంటుంది. బెరడు కింద ఏళ్ల తరబడి నిద్రపోతున్న మొగ్గలుంటాయి. పైన చెట్టు ఉన్నంతకాలం ఆ మొగ్గల్ని లేవనివ్వదు. చెట్టు పోగానే నిల్వ ఉన్న తిండి తీసుకుని అవి పైకి వచ్చేస్తాయి. యూకలిప్టస్, టేకు, సుబాబుల్ పెంచేవాళ్లకు ఇది వరం. యూకలిప్టస్ ఒకసారి నాటి, మొద్దుల నుంచి వచ్చే పిలకలతో మళ్లీ మళ్లీ కోతలు తీసుకుంటారు. పెరట్లో అయితే అదే తలనొప్పి.

అన్ని చెట్లూ అలా లేవవు. కొబ్బరి, తాటి లాంటివాటికి పెరుగుదలంతా తల దగ్గరున్న ఒక్క మొవ్వులోనే. తల పోయిందంటే కథ ముగిసినట్టే. వాటి మొద్దుకు ఏ మందూ అక్కర్లేదు. పైన్ జాతి చెట్లు కూడా ఎక్కువగా మొద్దు నుంచి చిగురించవు. వెదురు, అరటి అసలు ఈ లెక్కలోకే రావు. వాటి బలమంతా నేలలోని దుంపలో ఉంటుంది, పైన ఎంత కోసినా ఒకటే.

ఆకులు లేకపోతే చచ్చినట్టేనా అంటే, అదీ ఖాయం కాదు. ఒకే జాతి చెట్లు పక్కపక్కన ఉంటే నేలలో వాటి వేళ్లు అతుక్కుపోయి, నీళ్లు ఒకదాన్నుంచి ఒకదానికి పోతుంటాయి. న్యూజిలాండ్‌లో ఒక్క ఆకు కూడా లేని కౌరి మొద్దు ఒకటి బతికే ఉండటం చూసి ఆక్లాండ్ శాస్త్రవేత్తలు కొలతలు తీశారు. పక్కనున్న కౌరి చెట్ల నీటి రాకపోకలతో దీని లోపలి నీటి కదలిక ముడిపడి ఉందని 2019లో ప్రచురించారు. పక్కవాళ్ల దయతో బతికే మొద్దు అన్నమాట. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, దీనివల్ల మనకో చిక్కుంది. అది మందుల దగ్గర బయటపడుతుంది.

చంపడం ఎలా

మందు లేకుండా చంపే దారి ఒకటుంది, దానికి కావాల్సింది ఓపిక. చిగురు వచ్చినప్పుడల్లా తీసేయాలి. ఎప్పుడు తీస్తున్నామన్నదీ ముఖ్యమే. చిగురు వేయడానికి వేరు తన నిల్వలోంచి పెట్టుబడి పెడుతుంది. ఆకులు ముదిరాక ఎండలో తిండి తయారుచేసి ఆ అప్పు తీరుస్తాయి. కొత్త ఆకులు అప్పుడే పూర్తిగా విచ్చుకున్న సమయంలో తుంచేస్తే పెట్టుబడి పోతుంది, తిరుగు చెల్లింపు రాదు. ఇలా ఏడాదో రెండేళ్లో చేస్తే, మొండి జాతైతే ఇంకాస్త ఎక్కువే, వేళ్ల ఖజానా ఖాళీ అవుతుంది. మొద్దును మందపాటి నల్ల టార్పాలిన్‌తో కప్పి అంచుల మీద మట్టి వేస్తే వెలుతురు తగలక పని సులువవుతుంది. ఒకటో రెండో మొద్దులున్న పెరటికి నా ఓటు దీనికే.

అంత ఆగలేమనుకునేవాళ్లు గ్లైఫోసేట్ లేదా ట్రైక్లోపిర్ ఉన్న కలుపు మందులు వాడతారు. 1974లో మార్కెట్లోకి వచ్చిన గ్లైఫోసేట్, మొక్కలు కొన్ని అమైనో ఆమ్లాలు తయారుచేసుకునే దారిలో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. కొట్టిన మొద్దు మీద దీన్ని వాడితే పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది తప్పు మందులో ఉండదు, టైములో ఉంటుంది. నీళ్లలో కలిపే మందైతే కోసిన నిమిషాల్లోనే పూయాలి. ఆలస్యమైతే కోసిన చోట గాలి చేరి, ఎండి, నాళాలు మూసుకుంటాయి. అప్పుడు మందు పైనే ఉండిపోతుంది. వారం కిందట కొట్టిన మొద్దైతే పైన రెండు మూడు సెంటీమీటర్ల బిళ్ల కోసి, పచ్చి చెక్క బయటపడ్డాక వెంటనే పూయాలి. అదీ అంచున, బెరడును ఆనుకున్న లేత చెక్క మీద, బ్రష్‌తో. చేవ మీద పోసిందంతా వృథా. కొత్త ఆకులు వేస్తూ చెట్టులో నీరు జోరుగా పైకెక్కే రోజుల్లో మందు కిందికి దిగదు. ఆ కాలాన్ని దాటనివ్వడం మంచిది.

ఇందాక చెప్పిన చిక్కు ఇదే. వేళ్లు అతుక్కుని ఉంటే మొద్దుకు పూసిన మందు పక్కన నిక్షేపంలా ఉన్న చెట్టుకూ చేరుతుంది. వరసగా నాటిన ఒకే జాతి చెట్లలో ఒకదాన్ని కొట్టినప్పుడు మందు జోలికి వెళ్లకపోవడమే మేలు. ఇక గ్లైఫోసేట్ భద్రత మీద వాదన తెగలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దీన్ని ‘బహుశా క్యాన్సర్ కలిగించవచ్చు’ అన్న జాబితాలో పెట్టింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ మాటతో ఏకీభవించలేదు. ఇళ్ల దగ్గర వాడకం మీద ఒక్కో దేశంలో ఒక్కో నిబంధన ఉంది. మీ దగ్గర ఏముందో చూసుకుని, లేబుల్ మీద ఉన్నది తు.చ. తప్పకుండా పాటించి, చేతులకు గ్లోవ్స్ వేసుకుని చేయండి.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. చాలినంత ఉప్పు పోస్తే మొద్దు చస్తుంది, నిజమే. ఆ ఉప్పు మొద్దులోనే కూర్చోదు, వానకు కరిగి మట్టిలోకి దిగుతుంది. ఆ తర్వాత అక్కడ ఏం నాటినా ఆకుల అంచులు మాడిపోతుంటాయి. డీజిల్, కిరసనాయిలు, వాడేసిన ఇంజిన్ ఆయిల్ అంతకన్నా అధ్వానం. పెరట్లో బావి గానీ బోరు గానీ ఉంటే ఆ ఆలోచనే వద్దు. రాగి మేకులు దిగ్గొడితే చస్తుందన్నది ఉత్త మాట. నాలుగు మేకుల్లోంచి కరిగే రాగి పెద్ద చెట్టును ఏమీ చేయలేదు.

కుళ్లడానికి ఏం కావాలి

చచ్చిన చెక్కను మాయం చేసేది శిలీంధ్రాలు, అంటే మనం పైన పుట్టగొడుగులుగానో బూజుగానో చూసేవాటి అసలు శరీరం. వాటికి తడి కావాలి, గాలి కావాలి, కొద్దిగా నత్రజని కావాలి. ఏది లేకపోయినా పని ఆగుతుంది. ఎండిన చెక్క ఇంటి దూలంగా వందేళ్లుంటుంది. పూర్తిగా నీళ్లలో, బురదలో మునిగిన చెక్కకు గాలి అందదు, అందుకే వెనిస్ నగరం కింద దిగ్గొట్టిన కర్రలు శతాబ్దాలుగా బరువు మోస్తూనే ఉన్నాయి. మొద్దు కుళ్లాలంటే ఈ రెండింటికీ మధ్య ఉండాలి. పిండిన తడిగుడ్డలా.

ఇక నత్రజని. చెక్కలో కర్బనం బోలెడు, నత్రజని దాదాపు శూన్యం. ఒక పాలు నత్రజనికి కర్బనం వందల పాళ్లుంటుంది. కంపోస్టు కుప్ప చకచకా కుళ్లడానికి 30 పాళ్ల దగ్గరుంటే చాలంటారు. ఆ లోటు తీర్చాలన్న ఆలోచనతోనే సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, మొద్దుల్లో పోసే అలవాటు వచ్చింది. ‘స్టంప్ రిమూవర్’ పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిలో ఉండేది అదే. అది చెక్కను కరిగించే ఆమ్లమేమీ కాదు. పైగా చెక్కకు గట్టితనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టే కొన్ని రకాల శిలీంధ్రాలు నత్రజని ఎక్కువైతే ఆ పని తగ్గించేస్తాయి కూడా. కాబట్టి డబ్బా మీద రాసినంత గొప్ప ఏమీ ఆశించకండి. పొడి పోయడానికి వేసే రంధ్రాల వల్లా, తడిపి కప్పి ఉంచడం వల్లా జరిగే మేలే ఎక్కువని నా అభిప్రాయం. ఆ పని పొడి లేకుండా కూడా చేసుకోవచ్చు.

ముందు మొద్దును నేల మట్టానికి వీలైనంత దగ్గరగా కోయాలి. డ్రిల్‌కు అంగుళం బిట్ తగిలించి, అరచేతి వెడల్పు కన్నా దగ్గరదగ్గరగా, బిట్ ఎంత లోతు వెళితే అంత లోతు రంధ్రాలు వేయాలి. అంచు నుంచి ఏటవాలుగా కూడా కొన్ని వేసి పైనుంచి వచ్చిన వాటితో కలిపితే గాలి ఆడుతుంది. వాటిలో చివికిన ఎరువో, కంపోస్టో కూరి, తడిపి, పైన మట్టీ ఆకులూ కప్పాలి. ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్లు. కుళ్లిందో లేదో చూడటానికి స్క్రూడ్రైవర్ చాలు. మొదటి ఏడాది దాని మొన చెక్కకు తగిలి టక్కున ఆగుతుంది. కుళ్లుతున్నకొద్దీ అంచుల్లో దిగడం మొదలవుతుంది. చివరికి కేకులోకి దిగినట్టు దిగుతుంది, అప్పుడు పార పట్టుకోవచ్చు. మెత్తటి చెక్కకు రెండు మూడేళ్లు, గట్టి చెక్కకు అంతకు రెట్టింపో ఆపైనో. టేకు లాంటి చేవ ఉన్నవాటికి సహజంగానే కుళ్లును ఆపే రసాయనాలు లోపల ఉంటాయి, వాటి విషయంలో ఈ దారి పెట్టుకోవద్దు. ఇంకోమాట. బతికున్న మొద్దు తనను తాను కాపాడుకుంటుంది కాబట్టి చంపకుండా కుళ్లబెట్టాలనుకోవడం వట్టి ఆలస్యం.

గోడకు దగ్గరగా ఉన్న మొద్దును కుళ్లనివ్వడం నాకిష్టం ఉండదు. కారణం చెదలు. వాటికి నేలలోని తడి చెక్క పెళ్లి విందు. అక్కణ్నుంచి తలుపు చట్రం దాకా మట్టి గొట్టాలు కట్టుకోవడం వాటికి ఎంతో సేపు పట్టదు. చెట్టు రోగంతో చచ్చినదైతే కూడా ఆలోచించాలి. ఆర్మిలేరియా, గానోడెర్మా లాంటి వేరుకుళ్లు శిలీంధ్రాలు పాత మొద్దును స్థావరం చేసుకుని పక్క చెట్ల వేళ్లలోకి పాకుతాయి. అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో ఒకే ఒక్క ఆర్మిలేరియా 900 హెక్టార్లకు పైగా వ్యాపించి ఉందని తేల్చారు. మన పెరట్లో అంత జరగదు గానీ, మొద్దు మొదట్లో గట్టి గొడుగుల్లాంటివి పుట్టుకొచ్చి, పక్క చెట్టు కూడా వాడుతూ ఉంటే ఆ మొద్దును వేళ్లతో సహా తీయించడమే దారి.

కూకటివేరు ఎక్కడుంది?

‘కూకటివేళ్లతో పెకలించడం’ అనే మాట మన నోట్లో నానిపోయి, ప్రతి చెట్టు కిందా ఒక లావుపాటి తల్లివేరు పాతాళం దాకా దిగి ఉంటుందనే ఊహ ఉండిపోయింది. మొలకగా ఉన్నప్పుడు చాలావాటికి ఉంటుంది. పెద్దయ్యాక ఎక్కువ జాతుల్లో పక్క వేళ్లదే రాజ్యం. వేళ్లలో అధిక భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటుంది, కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతుంది. తవ్వేవాడికి ఇది మంచి వార్త. లోతుకు తవ్వక్కర్లేదు, చుట్టూ తవ్వితే చాలు. అన్ని వేళ్లూ తీయాల్సిన పని కూడా లేదు. మొద్దు నుంచి రెండు మూడడుగుల దూరంలో తెగ్గొడితే మిగతావి నేలలో మెల్లగా చివికిపోతాయి. వేళ్ల నుంచే పిలకలు వేసే జాతి అయితే మాత్రం కొన్నాళ్లు వాటిని ఏరుతూ ఉండాలి.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. చూడ్డానికి బాగుంటుందని కొట్టేవాళ్లతో ‘నేలకు సమానంగా కోసేయండి’ అన్నాను. తర్వాత దాన్ని పెకలించాలని బుద్ధి పుట్టింది. పట్టుకుని ఊపడానికి పైన ఏమీ లేదు. తవ్వి తీయాలనుకుంటే మొద్దును ఛాతీ ఎత్తున వదిలేయాలి, అదే మీ మీట. ఆ మీట నేను చేతులారా కోయించుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది. ముందు రోజు నీళ్లు పెట్టి, గడ్డపారతో చుట్టూ కాలువ తీసి, పైపుతో నీళ్లు కొట్టి మట్టి కడిగితే మణికట్టంత వేళ్లు తెల్లగా బయటపడేవి. రంపం పెడితే రెండు వేళ్లకే పళ్లు మొద్దుబారాయి. వేరును అంటుకున్న ఇసుక రంపం పళ్లను అరగదీస్తుంది, అక్కడ పాత గొడ్డలే దిక్కు. అన్నీ తెగాయనుకున్నాక కూడా మొద్దు కదల్లేదు. చెయ్యి పెట్టి తడిమితే, అడుగున తొడ లావు వేరు ఒకటి ఏటవాలుగా లోపలికి పోతోంది. అది సగం తెగేసరికి మొద్దు ఊడబోయే పాలపన్నులా ఊగింది.

ఆ చివరి ఘట్టంలోనే జనం బండికి తాడు కట్టి లాగే సాహసం చేస్తారు. తాడో గొలుసో తెగితే అది వెనక్కి కొట్టే దెబ్బకు ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. చెయిన్ పుల్లీతో మెల్లగా, మనుషుల్ని దూరంగా నిలబెట్టి లాగడం నయం. జేసీబీ వచ్చే దారి ఉంటే అరగంట పని, కానీ అది మొద్దుతో పాటు చిన్న చెరువంత గొయ్యినీ మిగిల్చి వెళ్తుంది. ఎలా తవ్వినా ముందు నీళ్ల పైపులు, డ్రైనేజీ, కరెంటు కేబుల్ ఎటు నుంచి వెళ్తున్నాయో చూసుకోవాలి. చెట్టు వేళ్లు తడి కోసం పైపులను చుట్టుకుని ఉండటం మామూలే. వేరును లాగితే పైపూ వస్తుంది. ఇంటి పునాదిని ఆనుకున్న మొద్దు అయితే, ముఖ్యంగా తడికి ఉబ్బే బంకమట్టి నేలలో, ఇంజినీరును అడగకుండా కదిలించొద్దు. ఏళ్లుగా నీళ్లు పీల్చిన చెట్టు పోయాక ఆ మట్టి తిరిగి ఉబ్బి గోడల్ని ఎత్తగలదు.

ఇప్పుడు ఎక్కువమంది గ్రైండర్ వైపే చూస్తున్నారు. కార్బైడ్ పళ్లున్న చక్రం గిర్రున తిరుగుతూ మొద్దును అటూ ఇటూ తొలుస్తుంది, మామూలు మొద్దు గంటలో పొడి అవుతుంది. అది వెళ్లేది నేల కింద సుమారు 15 నుంచి 30 సెంటీమీటర్లు. గడ్డి పెంచడానికో పూలకుండీలు పెట్టడానికో ఇది చాలు. గది కట్టాలన్నా, ఫ్లోరింగ్ చేయాలన్నా, మళ్లీ చెట్టు నాటాలన్నా చాలదు, కింద మిగిలింది కుళ్లి నేల దిగబడుతుంది. గ్రైండర్ రాళ్లను తూటాల్లా విసురుతుంది కాబట్టి పిల్లల్నీ కిటికీ అద్దాల్నీ దృష్టిలో పెట్టుకోండి. పొట్టు ఎంత వస్తుందో చూసి ఆశ్చర్యపోతారు, మొద్దు కన్నా పెద్ద కుప్ప. దాన్ని అదే గోతిలో మట్టితో కలిపి పూడ్చేస్తే, అది కుళ్లేటప్పుడు చుట్టూ ఉన్న నత్రజనిని లాగేసుకుని పైన వేసిన మొక్కలు పసుపుబారుతాయి. మొక్కల మొదళ్లలో పైపైన పరవడానికైతే మంచి సరుకు, గోడల పక్కన మాత్రం వేయకండి.

కాల్చడం గురించి రెండు ముక్కలు. పచ్చి మొద్దు అంటుకోదు, ఎండినది పైపైన మాడి ఆరిపోతుంది. కష్టపడి రాజేస్తే నిప్పు వేళ్లలోకి దిగి, పైకి పొగ కూడా లేకుండా రోజుల తరబడి నేలలో పాకి ఎక్కడో తేలుతుంది. సురేకారం పోసిన మొద్దు ఇంకా జోరుగా రాజుకుంటుంది, అది బాణసంచా మందులో వాడే సరుకే మరి. ఇళ్ల మధ్య ఇది చేయాల్సిన పని కాదు.

అసలు తీయకపోతే ఏం అన్న ప్రశ్న కూడా ఉంది. నడకకు అడ్డం లేదు, గోడకు దూరం, రోగం లేదు అంటే తీయడానికి కారణమేంటి? ఇంగ్లాండ్‌లోని బిడల్ఫ్ గ్రేంజ్ తోటలో 1850ల్లోనే పీకిన మొద్దుల్ని తలకిందులుగా పేర్చి, వేళ్ల సందుల్లో ఫెర్న్‌లు పెంచి, దాన్నొక వేడుకగా చేశారు. యూరప్‌లో కనిపించే కొమ్ముల పెద్ద పురుగు స్టాగ్ బీటిల్ అయితే పిల్ల పురుగుగా కొన్నేళ్లు నేలలో కుళ్లుతున్న మొద్దుల్లోనే గడుపుతుంది. అక్కడ కొందరు దాని కోసమే మొద్దుల్ని వదిలేస్తున్నారు. మధ్యలో తొలిచి మట్టి నింపితే మంచి కుండీ కూడా.

తీయడానికే నిర్ణయించుకుంటే పూడ్చేటప్పుడు మట్టిని పొరలు పొరలుగా వేసి తొక్కి, చుట్టూ నేల కన్నా జానెడు ఎత్తుగా వదిలేయండి. రెండు వానలు పడేసరికి దిగుతుంది. కింద మిగిలిన వేళ్లు చివికినకొద్దీ ఇంకాస్త దిగుతుంది, అక్కడో ఇక్కడో పుట్టగొడుగులు లేస్తాయి. కంగారు పడకుండా పైన ఇంకో రెండు గంపల మట్టి వేయండి.